పెడల్ కింద వణుకు, మీటరులో పసుపు దీపం

ప్రశ్న: నేను హన్మకొండలో ఉంటాను. ములుగు దగ్గర ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఆత్మకూరు, మల్లంపల్లి మీదుగా రోజూ కారులోనే వెళ్లి వస్తాను, ఇద్దరు సహోద్యోగులు కూడా నాతో వస్తారు. మాది 2012 నాటి డీజిల్ కారు. నాన్నగారు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ బ్రేకులు కావాలని పట్టుబట్టి, అదనంగా డబ్బు కట్టి కొన్నారు. లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. 2023 జులై వానలకు నయీంనగర్ నాలా పొంగినప్పుడు ఒక రాత్రంతా సగం చక్రం దాకా నీళ్లలో ఉంది. ఏడాదిగా మీటరులో ఏబీఎస్ పసుపు దీపం వెలుగుతోంది, రెండు రోజులకు దానంతట అదే ఆరిపోతోంది. వానాకాలంలో ఇది ఎక్కువ. దీపం వెలగని రోజుల్లో మరో బాధ. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆపుతూ, ఇక ఆగబోతోందనగా పెడల్ గరగరమని కాలిని తంతుంది, కారు రెండడుగులు ముందుకు జారుతుంది. మొన్న ముందున్న ఆటోకు తగలబోయింది. ఒక మెకానిక్ ఏబీఎస్ యూనిట్ పోయింది, 45 వేలు అవుతుందన్నారు. రెండో ఆయన స్కానర్ పెట్టి లోపమేమీ లేదన్నారు. మూడో ఆయన ఫ్యూజు పీకేస్తే గొడవ వదిలిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి?

సమాధానం: అమ్మా, మూడో ఆయన మాట అసలే వినకండి. మొదటి ఆయన మాట ఇప్పుడే వినకండి. రెండో ఆయన అబద్ధం చెప్పలేదు, కానీ చూడవలసిన చోట చూడలేదు. ఎందుకో వివరంగా చెబుతాను. అంతకన్నా ముందు మీ క్షేమానికి సంబంధించిన మాట ఒకటి ఉంది.

పసుపు దీపం ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకులు ఉన్నట్టే. గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు మాత్రమే అప్పటికి ఆగిపోయిందని అర్థం. ముందు బండికి ఎడం ఎక్కువ ఉంచి, నిదానంగా ఇల్లు చేరవచ్చు. హ్యాండ్ బ్రేకు పూర్తిగా దించినా పసుపు దీపంతో పాటు ఎర్ర బ్రేకు దీపం కూడా వెలిగిందంటే మాత్రం బండిని పక్కకు తీసి ఆపేయండి. బ్రేక్ ఆయిల్ కారిపోతూ ఉండవచ్చు, లేదా ముందు వెనక చక్రాలకు బ్రేకు బలాన్ని పంచే ఈబీడీ కూడా పడిపోయి ఉండవచ్చు. ఆ స్థితిలో ములుగు దాకా వెళ్లే సాహసం చేయకండి.

నిజానికి మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది దీపం కాదు, ఆ రెండడుగుల జారుడు. దీపం వెలిగిన రోజున ఏబీఎస్ తన లోపం తానే గుర్తించి పక్కకు తప్పుకుంటుంది. దీపం లేని రోజున తప్పుడు లెక్క వేసుకుని, మీరు తొక్కిన బ్రేకును తానే వదులు చేస్తోంది. బడి ముందు పిల్లలు రోడ్డు దాటే చోట రెండడుగులు చిన్న దూరం కాదు. ఇది బాగయ్యే వరకు బస్సులో వెళ్లండి. బాగుచేయడానికి పట్టేది చాలావరకు ఒక పూట, ఎక్కువైతే రెండు పూటల పని.

ఇప్పుడు లోపల జరిగేది చూద్దాం. ప్రతి చక్రం దగ్గర పళ్ల చక్రంలాంటి ఒక ఇనుప రింగు తిరుగుతూ ఉంటుంది. దానికి మిల్లీమీటరు అటూ ఇటూ ఎడంలో చిటికెన వేలంత సెన్సర్ ఉంటుంది. మీ కారు వయసు వాటిలో కొన్నిటికి రెండు వైర్ల పాతరకం సెన్సర్ ఉంటుంది, అంటే ఒక అయస్కాంతం, దాని మీద చుట్టిన సన్నని రాగి తీగ. ఒక్కో పన్ను ముందు నుంచి పోయినప్పుడల్లా తీగలో చిన్న విద్యుత్ అల పుడుతుంది. కంప్యూటర్ ఆ అలలను లెక్కపెట్టి చక్రం వేగం తెలుసుకుంటుంది. రింగుకు 44 పళ్లు, టైరు చుట్టుకొలత 1.8 మీటర్లు అనుకుందాం. గంటకు 36 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 244 అలలు వస్తాయి. 7 కిలోమీటర్లకు దిగితే 50 కూడా రావు. సంఖ్య తగ్గడమే కాదు, అల ఎత్తు కూడా తగ్గిపోతుంది. వేగం తగ్గేకొద్దీ ఈ రకం సెన్సర్ గొంతు సన్నబడుతుంది, అది దాని స్వభావం.

ఇక ఒక చక్రం దగ్గర ఆ ఎడం కొద్దిగా పెరిగిందనుకోండి. వేగంగా పోతున్నప్పుడు ఏమీ తెలియదు, అల బలంగానే ఉంటుంది. ఆగబోయే వేళకు ఆ ఒక్క చక్రం గొంతు ముందుగా మూగబోతుంది. మూడు చక్రాలు పది కిలోమీటర్ల వేగంలో ఉంటే నాలుగోది సున్నా చూపిస్తుంది. కంప్యూటర్‌కు కనబడేది ఏమిటి? బ్రేకు తొక్కారు, ఒక చక్రం బిగుసుకుపోయింది. దాని పని అది చేస్తుంది. ఆ చక్రానికి బ్రేకు వదిలి, పట్టి, మళ్లీ వదులుతుంది. మీ పాదానికి తెలిసే గరగర అదే, కారు ముందుకు జారడానికి కారణమూ అదే. యంత్రం తన ధర్మం తప్పలేదు, దానికి అందిన కబురు తప్పు. అందుకే యూనిట్ మార్చినా ఆ వణుకు పోదు. కొత్త యూనిట్ కూడా ఆ తప్పుడు కబురునే నమ్ముతుంది. 45 వేలు ఖర్చయ్యాక ఆ సంగతి తెలిస్తే ఎంత బాధ!

రెండో మెకానిక్‌కు ఏమీ కనబడకపోవడానికీ కారణాలు ఉన్నాయి. చిన్న షెడ్లలో ఉండే చౌక స్కానర్లు చాలావరకు ఇంజన్ లోపాలనే చదువుతాయి, ఏబీఎస్ కంప్యూటర్‌తో మాట్లాడలేవు. కంప్యూటర్ నమోదు చేసే లోపాల గుర్తుల్లో, అంటే కోడ్లలో, ఇంజన్‌వి ‘పి’ అక్షరంతో మొదలైతే బ్రేకులు, చక్రాలకు సంబంధించినవి ‘సి’తో మొదలవుతాయి. ‘ఏబీఎస్ మాడ్యూల్ తెరవగలరా?’ అని ముందే అడగండి. తెరవగలిగే స్కానర్ ఉన్నా కోడ్ ఒక్కటే చూస్తే చాలదు. తీగ తెగితే, తడిస్తే కోడ్ పడుతుంది. సెన్సర్ మంచిదే అయి ఎడం మాత్రం పెరిగి ఉంటే చాలాసార్లు ఏ కోడూ పడదు. అప్పుడు చూడవలసింది నాలుగు చక్రాల వేగం, అదీ బండి నడుస్తుండగా. ఒకరు నడపాలి, పక్కన ఒకరు స్కానర్ పట్టుకుని కూర్చోవాలి. ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా సున్నాకు తేవాలి. నాలుగు అంకెలూ దాదాపు కలిసి దిగాలి. ఏ చక్రం అంకె అందరికంటే ముందు దబ్బున పడిపోతుందో, మీ దొంగ అక్కడ ఉన్నాడు. ఈ పని పది నిమిషాల్లో అయిపోతుంది. షెడ్డులో నిలబెట్టిన బండికి స్కానర్ తగిలించి లోపం లేదనడం, జ్వరం తగ్గిన పూట రోగిని చూసి జబ్బు లేదనడమే.

మీరు చేయగలిగిన పని, మెకానిక్ చేయలేని పని ఒకటి ఉంది. ఒక చిన్న నోటుపుస్తకం కారులో పెట్టుకోండి. షెడ్డుకు తీసుకెళ్లేటప్పుడు, పరీక్షకు నడిపేటప్పుడు దీపం వెలిగినా, పెడల్ వణికినా బండి ఆపాక ఆ సంగతి రాయండి. పిల్లలకు హాజరు వేసే చేతికి ఇదేమీ కష్టం కాదు. వాన పడిందా, తాళం తిప్పగానే దీపం వెలిగిందా లేక బండి కదిలాకా, గుంతలో పడ్డాకా, మలుపు తిరుగుతున్నప్పుడా, ఎటు మలుపు, హెడ్‌లైట్లు, వైపర్లు, ఏసీ అన్నీ వేసి ఉన్నాయా అన్నవి రాస్తే చాలు. ఇప్పటిదాకా గుర్తున్న సంఘటనలు కూడా ఒక పేజీలో రాసుకోండి. తాళం తిప్పగానే వెలిగి ఆరకపోతే వైరు తెగడమో, ఫ్యూజో, కనెక్టరో చూడాలి. బండి కదిలి కొంత వేగం అందుకున్నాక వెలిగితే ఏదో ఒక చక్రం కబురు రావడం లేదని అర్థం, ఎందుకంటే నిలబడి ఉన్నప్పుడు కంప్యూటర్ తీగ ఉందా లేదా అన్నదే చూస్తుంది, అలల సంగతి కదిలాకే తేలుతుంది. ఒకవైపు మలుపులోనే వస్తే వైరు మడత పడేచోట తెగిందనో, బేరింగ్ వదులైందనో అనుమానించాలి. రాత్రి అన్నీ వేసి ఉన్నప్పుడే వస్తే బ్యాటరీ, ఆల్టర్నేటర్ చూపించండి. ఇంజన్ ఆపి కాసేపైన తర్వాత 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. వోల్టేజీ పడిపోతే ఏబీఎస్ కంప్యూటర్ పనిచేయడం మానుకుని దీపం వెలిగిస్తుంది.

మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం చక్రాల మీదనే ఉంది. సగం చక్రం దాకా వరద నీళ్లలో ఒక రాత్రి నిలబడిన బండి అది. వాన పడితే దీపం, పొడిగా ఉంటే వణుకు. రెండూ ఒకే చక్రం నుంచి రావచ్చు, రెండు వేర్వేరు చక్రాల నుంచీ రావచ్చు. అందుకని ఒకటి దొరికింది కదా అని ఆగకుండా నాలుగూ విప్పి చూడమనండి. ఆటోనగర్‌లోనో, మీకు నమ్మకమున్న షెడ్డులోనో బండి జాకీ మీద లేపినప్పుడు మీరు దగ్గర ఉండండి. ఏం చూడాలో చెబుతాను.

చక్రం విప్పే ముందే పైనా కిందా పట్టుకుని ఊపమనండి. టకటక కదలిక తెలిస్తే బేరింగ్ అరిగింది. బేరింగ్ ఊగితే రింగు ఊగుతుంది, ఎడం మారుతుంది. చక్రం విప్పాక హబ్ (చక్రం బిగించే మధ్య భాగం) వెనక ఒక్క బోల్టుతో బిగించిన సెన్సర్ కనబడుతుంది. తుప్పు పట్టి బిగుసుకుపోతే సుత్తితో కొట్టనివ్వకండి. ప్లాస్టిక్ తల పుటుక్కున విరిగిపోతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, అరగంట ఆగి, అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. బయటికి వచ్చాక దాని కొనను వెలుతురులో చూడండి. పాతరకం సెన్సర్ అయితే కొసన నల్లని గడ్డంలా ఇనుప పొడి పట్టి ఉంటుంది. బ్రేకు డిస్కు అరిగి రాలిన పొడి అది, అయస్కాంతం లాగేసుకుంటుంది. గుడ్డతో తుడిస్తే మెత్తగా ఊడి వస్తుంది. తర్వాత సెన్సర్ కూర్చునే గుంటలో వేలు పెట్టి చూడండి, అంచులో తుప్పు పెచ్చులు కట్టి ఉంటుంది. చాలామంది సెన్సర్ తుడిచి మళ్లీ అందులోనే బిగిస్తారు. అసలు పని ఆ గుంటలోనే ఉంది. తుప్పు ఉబ్బి సెన్సర్‌ను అర మిల్లీమీటరు పైకి లేపితే చాలు, మీ పెడల్ వణకడానికి. ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనబడేదాకా రుద్దించండి.

అదే రంధ్రంలోంచి టార్చి వేసి చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ రింగు పళ్లు మొత్తం ఒక చుట్టు చూడాలి. యాక్సిల్ చివర బిగించిన రింగు కింద తుప్పు ఉబ్బితే రింగు నెర్రె విడుస్తుంది. వెంట్రుకంత నెర్రె ఉన్నచోట రెండు పళ్ల మధ్య దూరం పెరిగి, ప్రతి చుట్టులో ఒకసారి లెక్క తప్పుతుంది. నెర్రె కనబడితే రింగు మార్చడం తప్ప అతుకులు వేయడం కుదరదు.

ఈ మధ్య ఏదైనా చక్రానికి బేరింగ్ మార్పించారా? మీరు రాయలేదు. కొన్ని కార్లలో పళ్ల రింగు బదులు బేరింగ్ పక్క మూతలోనే అయస్కాంతపు పట్టీ ఉంటుంది. ఆ బేరింగ్‌ను తిరగేసి కూర్చోబెడితే చక్రం హాయిగా తిరుగుతుంది, సెన్సర్‌కు మాత్రం ఏమీ వినబడదు. అనుభవం ఉన్న చేతులు కూడా చేసే పొరపాటు ఇది. ఒక టైరు సైజు మిగతా మూడింటికి తేడాగా ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి.

ఇక వైర్ల సంగతి. దీని మీద నాకు పట్టుదల ఎక్కువ, కారణం చెబుతాను. కొన్నేళ్ల కిందట నా పాత కారుకు ఇలాగే వచ్చిపోయే దీపం ఉండేది. కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా వస్తుంటే దారంతా రాదు, ఇంటి గేటు ముందు స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పగానే వెలిగేది. ఒక షెడ్డులో రెండు సెన్సర్లు మార్చారు, పోలేదు. చివరికి ఒక పెద్దవయసు ఎలక్ట్రీషియన్ ముందు కుడి చక్రం సెన్సర్ కనెక్టర్ విప్పి, మల్టీమీటర్ తగిలించి, దాని అంకె మీద కన్ను వేసి ఉంచమని నాకు చెప్పాడు. తాను కింద కూర్చుని ఆ వైరును చక్రం దగ్గర నుంచి జానెడు జానెడు చొప్పున వంచుతూ వచ్చాడు. 1,100 ఓముల దగ్గర నిలకడగా ఉన్న అంకె, షాకబ్జార్బర్ పక్కన రబ్బరు పట్టీ దగ్గరకు రాగానే మాయమైంది. వంపు సరిచేస్తే మళ్లీ వచ్చింది. పైతొడుగు మీద గీత కూడా లేదు. కోసి చూస్తే లోపలి రాగి పోగులు ఆకుపచ్చగా మారి, రెండే రెండు అంటుకుని ఉన్నాయి. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఏళ్ల తరబడి వంగి వంగి తెగిన తీగ అది. మూడు నెలలు నేను తిరిగింది ఆ రెండంగుళాల కోసం.

కాబట్టి మీ ఎలక్ట్రీషియన్‌తో ఇదే పరీక్ష చేయించండి. పాతరకం రెండు వైర్ల సెన్సర్ సాధారణంగా ఒకటి నుంచి రెండు కిలో ఓముల మధ్య చూపిస్తుంది. కచ్చితమైన అంకె కన్నా ఎడమ కుడి సెన్సర్లు దగ్గర దగ్గరగా ఉండడం, వైరు వంచినా అంకె కదలకపోవడం ముఖ్యం. ఒక జాగ్రత్త ఉంది. కొత్తరకం సెన్సర్ అయితే ఓముల పరీక్ష చేయకూడదు, దాని లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు. దానికీ రెండు వైర్లే ఉంటాయి కనుక చూపుతో పోల్చుకోవడం కష్టం, మీ మోడల్‌కు ఏ రకమో ముందే కనుక్కోమనండి. కనెక్టర్లు విప్పి పిన్నుల మీద పచ్చని పొర ఉందేమో చూడండి. వరద నీళ్లు చేరిన చోట అది తరచూ ఉంటుంది. వాన పడ్డ రోజునే దీపం వెలగడానికి మొదటి అనుమానితుడు ఆ పచ్చదనమే. బండి రాత్రిళ్లు ఆరుబయట ఉంటే ఎలుక కొరికిన ఆనవాళ్లు కూడా వెతకమనండి. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుట్టి వదిలేస్తే రెండు వానలకు మళ్లీ మొదటికే వస్తుంది. సోల్డరింగ్ చేసి, పైన నీరు చేరని స్లీవు వేయించండి. అదీ వంగే చోట కాకుండా, కాస్త పక్కన అతుకు పడేలా.

ఇవన్నీ చూశాక కూడా దీపం రావడం మానకపోతే, స్కానర్‌లో పంపు మోటారు కోడో వాల్వు రిలే కోడో పడుతుంటే, అప్పుడు యూనిట్ మాట ఎత్తాలి. అప్పుడైనా మొదట దాని పెద్ద ఫ్యూజు, బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు, వాటి తుప్పు చూడాలి. లోపలి సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ నెర్రె విడవడం కూడా ఉంటుంది, బాగుచేసేవాళ్లు ఉన్నారు. పాత సామాన్ల దుకాణంలో యూనిట్ కొనవలసి వస్తే పార్ట్ నంబరు అక్షరం అక్షరం కలవాలి. బిగించాక బ్రేకుల్లో గాలి తీయడానికి చాలా కార్లకు స్కానర్ కావాలి. అందుకే ఆ పనిని ఆఖరున పెట్టాను.

ఫ్యూజు పీకమన్న సలహా గురించి రెండు మాటలు కఠినంగానే చెబుతాను. పాత కార్లకు ఏబీఎస్ ఎక్కడిది అంటారు. నిజమే, మన దేశంలో కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్ నుంచే. 2012లో అది కావాలనుకున్నవాళ్లకే. మీ నాన్నగారు కావాలనుకున్నారు. ఏబీఎస్ లేకుండా తయారైన కారుకు వెనక చక్రాలకు బ్రేకు బలం మితిమీరకుండా ఆపే వాల్వు విడిగా ఉంటుంది. ఏబీఎస్, ఈబీడీ ఉన్న చాలా కార్లలో ఆ వాల్వు తీసేసి, ఆ పనిని కూడా ఏబీఎస్ కంప్యూటర్‌కే అప్పగించారు. ఫ్యూజు పీకితే మీ కారు పాత కాలపు కారుగా మారదు, అంతకన్నా తక్కువరకం కారు అవుతుంది. తడి రోడ్డు మీద గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు కొట్టుకుపోవచ్చు. మీరు పోయే దారి గుర్తుచేసుకోండి. కోతల కాలంలో రోడ్డు మీదనే సగం మేర వడ్లు, మక్కలు ఆరబోస్తారు. నాట్ల వేళ ట్రాక్టర్ల నుంచి రాలిన బురద తారు మీద పరుచుకుని ఉంటుంది. ఆ గింజల మీద, ఆ బురద మీద ఏ బ్రేకైనా దూరం తీసుకుంటుంది, ఏబీఎస్ ఉన్నా అంతే. కానీ చక్రాలు తిరుగుతూ ఉంటే స్టీరింగ్ మీ మాట వింటుంది, అడ్డం వచ్చిన గేదెనో మనిషినో తప్పించగలరు. బిగుసుకుపోయిన చక్రాలతో స్టీరింగ్ ఎటు తిప్పినా కారు తిన్నగానే పోతుంది.

పని పూర్తయ్యాక డబ్బు చెల్లించే ముందు మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, తెల్లవారుజామున మనుషులు లేని రోడ్డు మీదకు వెళ్లండి. వెనక ఎవరూ లేరని చూసుకుని, 15 కిలోమీటర్ల వేగం నుంచి మెల్లగా ఇరవై సార్లు ఆపండి. ఒక్కసారి కూడా పెడల్ వణకకూడదు. తర్వాత 40 వేగంలో, కంకర ఉన్న ఖాళీ చోట ఒకసారి గట్టిగా తొక్కండి. అక్కడ మాత్రం వణకాలి, ఆ వణుకు ఆరోగ్యం. మర్నాడు నీళ్ల పైపుతో నాలుగు చక్రాల లోపలి వైపు బాగా తడిపి, మళ్లీ ఒక చుట్టు తిరిగి రండి. దీపం వెలగకపోతే సహోద్యోగులను ఎక్కించుకోవచ్చు. వెలిగితే స్కానర్ చూపిన కోడు, నాలుగు సెన్సర్ల ఓముల అంకెలు, మీ నోటుపుస్తకంలోని పేజీ నాకు పంపండి. అక్కడి నుంచి చూద్దాం.